గర్భిణుల కోసం జీవితం ధారపోసిన డాక్టర్ ఐడా స్కడర్

వేలూరు పెద్దాసుపత్రి పేరు వినని ఇల్లు మన సరిహద్దు పల్లెల్లో అరుదు. ఒక్క రాత్రి సంభవించిన మూడు మరణాలే దాని పుట్టుకకు కారణం.

ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో అమెరికన్ మిషనరీ వైద్యుని ఇంట జన్మించారు. అమెరికాలో చదువు ముగించి, అస్వస్థురాలైన తల్లికి తోడుగా తిండివనం వచ్చారు. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి వెంట ఒకరు ఆమె తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడాకు వైద్యం తెలియదు. తండ్రి వైద్యుడే అయినా, పరపురుషుడు పురిటి గదిలో అడుగిడుటకు ఆచారం ఒప్పలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ కన్నుమూశారు.

ఈ దేశంలో నిలువదలచని ఆ యువతి మనసు మారింది. 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్య పట్టా పొంది, 1900లో వేలూరు చేరారు. చిత్తూరు కూడా అప్పుడు ఆ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. ఒకే మంచంతో ఆరంభించిన చికిత్సాలయం 1902లో 40 పడకల ఆసుపత్రి అయింది. గుడియాత్తం దారి పొడవునా ఆగి ఆమె పల్లెల రోగులను చూచేవారు. తానొక్కరే అందరినీ కాపాడలేనని గ్రహించి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపించారు. 1960 మే 24న కొడైకెనాల్‌లో పరమపదించారు.

ఆ ముగ్గురికి కరవైనది సకాలంలో వైద్యం. నెలలు నిండిన ఇంట ఆసుపత్రి ఏదో, బండి ఏదో, తోడు వెళ్లేదెవరో ముందే నిశ్చయించుకొనుటే ఆమెకు తగిన నివాళి.