రోమాకు నడచిన లూథర్

సంఘ సంస్కర్తయైన మార్టిన్ లూథర్ 1505లో సన్యాసుల మఠమున చేరెను. 1511 ప్రాంతమున మఠపు వ్యవహారము నిమిత్తము తోటి సన్యాసితో జర్మనీనుండి రోమాకు కాలినడకన బయలుదేరెను. ఆల్ప్స్ కొండలు దాటి ఇటలీ చేరిరి. అక్కడ ఒక రాత్రి కిటికీ తెరచి నిద్రించగా, తెల్లవారునప్పటికి తలలు బరువెక్కి, దాహముతో అల్లాడిరి. ఆ దినము కొద్ది దూరమే నడువగలిగిరి. దానిమ్మపండ్లు తిని తేరుకొనిరి.

పౌలు ఖైదీగా చేరిన ఆ పట్టణము కనబడగానే లూథర్ నేలమీద సాగిలపడెను. చనిపోయిన తాతగారి ఆత్మకు విడుదల కలుగవలెనని, అక్కడి పరిశుద్ధ సోపానము 28 మెట్లను మోకాళ్లతో ఎక్కుచు మెట్టు మెట్టున పరలోక ప్రార్థన చెప్పెను. ఆయన భక్తి నిజమైనదే. మనము ఎగతాళి చేయరాదు. అయితే పైమెట్టు చేరినప్పుడు, ఇది నిజమో కాదో అను సందేహము పుట్టెను. దానితోనే ఇంటిదారి పట్టెను. 1515లో విటెన్‌బర్గులో రోమా పత్రిక బోధింప మొదలుపెట్టెను. ఆ పత్రిక 1:17 ఆయనను చాలాకాలము నిద్రపోనియ్యలేదు.