రాతిమానుల ఆచార్యుడు – బీర్బల్ సాహ్ని

చెట్టు రాయి అవుతుందంటే నవ్విపోతాం. కాని మట్టిలో కూరుకుపోయిన మానులోకి సిలికా కరిగిన నీరు ఇంకి, కణకణమూ ఆ ఖనిజంతో నిండితే, కోట్ల ఏళ్ళ తర్వాత కూడా దాని లోపలి నిర్మాణం సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. అటువంటి శిలాజాలను చదవడానికే జీవితాన్ని ధారపోసినవారు ఆచార్య బీర్బల్ సాహ్ని.

ఆయన 1891 నవంబరు 14న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న భేరా పట్టణంలో జన్మించారు. లాహోరులో చదువు ముగించి కేంబ్రిడ్జి వెళ్ళి, సీవార్డ్ గారి వద్ద పరిశోధన చేశారు. అక్కడే ఉండిపోలేదు. తిరిగి వచ్చి, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. 1936లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. రాజమహల్ కొండల్లో దొరికిన శిలాజాలను జతపరచి, పెంటాక్సిలాన్ అనే అంతరించిన మొక్కల తెగను 1948లో లోకానికి పరిచయం చేశారు.

ఈ విద్యకు ఒక ప్రత్యేక సంస్థ ఉండాలన్నది ఆయన కల. తన శిలాజాలు, పుస్తకాలు దానికే ఇచ్చేశారు. 1949 ఏప్రిల్ 3న లక్నోలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ పునాదిరాయిలోనూ శిలాజాలే పొదిగి ఉన్నాయి! సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, సాహ్ని గుండెపోటుతో కన్నుమూశారు.

గోడలు లేవలేదు, గురువు లేడు. అప్పుడు ఆ భారం భుజానికెత్తుకున్నది భార్య సావిత్రి గారు. 1953 జనవరిలో నెహ్రూ చేతనే భవనం ప్రారంభమైంది.

మిత్రులారా, మ్యూజియం అద్దాల వెనుక రాతిమాను కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. దాన్ని రాయిగా నిలిపింది ప్రకృతి. మనదాకా చేర్చింది మాత్రం మనుషులే.