షేక్‌స్పియర్‌ని మిగిల్చిన ఇద్దరు స్నేహితులు

మొన్నటిదాకా షేక్‌స్పియర్ అంటే నాకు మార్కుల కోసం బట్టీ పట్టిన పాఠమే. ఆయన జీవితం చదివాకే మనిషిగా కనిపించాడు.

1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి తోలు గ్లవ్స్ తయారుచేసేవాడు. షేక్‌స్పియర్ యూనివర్సిటీ గడప తొక్కలేదు. 18 ఏళ్లకే తనకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన ఆన్ హాథవేని పెళ్లాడాడు. లండన్ వెళ్లి నటుడయ్యాడు, నాటకాలు రాశాడు, నాటక కంపెనీలో వాటాదారుడూ అయ్యాడు. 1596లో 11 ఏళ్ల కొడుకు హామ్నెట్ చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు హామ్లెట్ వచ్చింది. ఇప్పుడా పేరు వింటే నాకు ముందు ఆ పిల్లాడే గుర్తొస్తాడు.

1616లో ఆయన పోయేనాటికి దాదాపు సగం నాటకాలు అసలు అచ్చే కాలేదు. మాక్‌బెత్, జూలియస్ సీజర్ కూడా! తోటి నటులు హెమింజ్, కాండెల్ పూనుకుని 1623లో 36 నాటకాలను ఒకే పుస్తకంగా వేయించారు. అందులో 18 మొదటిసారి అచ్చయినవే. మన వీరేశలింగం గారు చమత్కార రత్నావళిగా తెలుగులోకి తెచ్చిన కామెడీ ఆఫ్ ఎర్రర్స్ కూడా ఆ 18లోదే.

ఆ ఇద్దరూ మనకెందుకులే అనుకుని ఉంటే? నాలుగు వందల ఏళ్ల కీర్తి వెనక ఆయన ప్రతిభతో పాటు వాళ్ల శ్రద్ధ కూడా ఉంది. అందుకే అడుగుతున్నా, మీ రూమ్మేట్ నోట్‌బుక్ చివరి పేజీల్లో కథేదైనా ఉంటే, కాస్త ఒప్పించి మన పత్రికకు పంపించండి.