డార్కింగులో కాటన్ దొర

కాటన్ దొరను మనం ధవళేశ్వరం దగ్గరే ఆపేస్తాం. 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికి ఆనకట్ట కట్టాడు, డెల్టా పండింది. మన ఊళ్లలో చిన్నపిల్లలకీ తెలిసిన కథే. ఆ తర్వాత ఆయన బతికిన నలభై ఏడేళ్ల మాట ఎవరూ ఎత్తరు.

ఆయన చివరి మజిలీ ఇంగ్లండులో, సర్రే ప్రాంతంలోని డార్కింగు. చుట్టూ అడవి కప్పిన సుద్దకొండలు, చెట్లలోంచి పోయే కాలిబాటలు, పక్కనే మోల్ అనే చిన్న ఏరు. అడుగున సుద్దరాయి నెర్రెలుబారి ఉంటుంది కాబట్టి, వానలు లేనప్పుడు ఆ ఏటి నీళ్లు భూమిలోకి దిగిపోయి దిగువన మళ్లీ పైకి తేలతాయి. గోదావరి వరదతో తలపడ్డ మనిషికి పొరుగున ఇలాంటి ఏరు!

1878లో పార్లమెంటు సంఘం ముందు కూర్చుని, ఇండియాకు రైళ్లకంటే పడవలు నడిచే కాలవలే మేలని వాదించాడు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆయనా ఊరుకోలేదు. డార్కింగులో కాస్త నేలను బాగా లోతుగా తవ్వించి, గోధుమ వేసి, దిగుబడి లెక్క చూసుకునేవాడు. (దుక్కి ఎంత లోతు పడాలన్నది మా ఇంట్లో ఏటా జరిగే తగాదాయే.)

తొంభై ఆరేళ్లు నిండాక, 1899 జూలై 24న అక్కడే పోయాడు. సమాధి కూడా ఆ ఊళ్లోనే. ఇంగ్లండు వెళ్లిన మనవాళ్లు వెతుక్కుంటూ పోయి పూలు పెట్టి వస్తుంటారు.