వెలుగు దారిని కొలిచిన లిండెమాన్

సూర్యుని వెలుగే సమస్త జీవకోటికి ఆధారమన్న సంగతి మానవుడు అనాదిగా ఎరిగినదే. అయితే ఆ వెలుగు గడ్డిపరక నుండి మిడుతకు, మిడుత నుండి కప్పకు, కప్ప నుండి పాముకు చేరే దారిలో ఎంత మిగులుతుంది? ఎంత వ్యయమవుతుంది? ఒక చిన్న సరస్సును సాక్షిగా నిలిపి ఈ లెక్క తేల్చిన మేధావి రేమండ్ లిండెమాన్.

లిండెమాన్ 1915 జూలై 24న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జన్మించాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా చేరి, సీడర్ బాగ్ అనే సరస్సును తన అధ్యయన క్షేత్రంగా ఎంచుకున్నాడు. అది లోతు తక్కువై, క్రమంగా పూడిపోతున్న సరస్సు. భార్య ఎలినార్ సహకారంతో సుమారు ఐదేళ్లపాటు అక్కడి నాచును, ప్లవకాలను, కీటకాలను, బురదను సేకరించి పరిశీలించాడు.

ఆనాటి శాస్త్రజ్ఞులు చాలామంది ఏ తావున ఏ జీవులున్నాయో, ఏది దేనిని తింటుందో వివరించేవారు. లిండెమాన్ దృష్టి అంతటితో ఆగలేదు. ఉత్పత్తిదారులు, శాకాహారులు, మాంసాహారులు అనే పోషణ స్థాయులుగా జీవులను విభజించి, ఒక్కొక్క స్థాయిలోని శక్తిని కేలరీలలో లెక్కించాడు. మృతజీవుల అవశేషాలతో, సూక్ష్మజీవులతో నిండిన అడుగు బురదను తన చిత్రపటానికి నడుమ నిలిపాడు. సజీవ నిర్జీవాలు రెండూ కలిసిన ఏకవ్యవస్థే సరస్సు అని నిరూపించాడు.

ఆయన గణన ప్రకారం సరస్సుపై పడిన సౌరశక్తిలో మొక్కలు గ్రహించినది 0.1 శాతం మాత్రమే. మొక్కలలోని శక్తిలో శాకాహారులకు చేరినది 13.3 శాతం. వాటి నుండి మాంసాహారులకు అందినది 22.3 శాతం. మిగిలిన శక్తిలో కొంత శ్వాసక్రియలో వేడిగా వెలువడుతుంది. కొంత ఎవరికీ ఆహారం కాకుండానే విచ్ఛిన్నకారుల పాలవుతుంది. ఆహార శృంఖలం నాలుగైదు మెట్లకు మించి సాగకపోవడానికి కారణం ఇదే. నేడు విద్యార్థులు చదివే పది శాతం నియమం ఈ కృషి నుండి స్థూలంగా రూపొందినదే.

1941లో డాక్టరేటు పొందిన లిండెమాన్ యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఆచార్య హచిన్‌సన్ వద్ద తన సిద్ధాంతానికి మెరుగులు దిద్దాడు. ‘ఎకాలజీ’ పత్రికకు పంపిన వ్యాసాన్ని ఇద్దరు ప్రముఖ సమీక్షకులు తిరస్కరించారు. ఆధారాలు స్వల్పమనీ, సిద్ధాంతం అధికమనీ వారి అభ్యంతరం. హచిన్‌సన్ శిష్యుని పక్షాన నిలిచి వాదించగా, సంపాదకుడు థామస్ పార్క్ ప్రచురణకు అంగీకరించాడు.

కాని విధి మరొకలా తలచింది. కాలేయ వ్యాధితో లిండెమాన్ 1942 జూన్ 29న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు నిండలేదు. ఆయన వ్యాసం ఆ సంవత్సరం అక్టోబరులో వెలువడింది. అచ్చులో దానిని చూసుకునే భాగ్యం రచయితకు దక్కలేదు. ఆవరణశాస్త్రం మాత్రం ఆ వ్యాసంతో కొత్త బాట పట్టింది. ప్రతి మెట్టులోనూ తరిగిపోయే శక్తిని లెక్కించిన ఆ యువకుని కీర్తి తరం తరానికీ పెరుగుతూనే వచ్చింది.