మహలఖా బాయి చందా

శంషాబాదు విమానాశ్రయమున దిగి హైదరాబాదునకు వచ్చు యాత్రికులు చార్మినారును, గోలకొండను తప్పక చూతురు. మౌలాలీ కొండపాదమునకు పోవువారు అరుదు. భూమి నేలి, గుఱ్ఱమెక్కి, కలము పట్టిన యొక స్త్రీ, తల్లికై తాను కట్టించిన సమాధిమందిరముననే, ఆ తల్లి చెంతనే అచట విశ్రమించియున్నది. ఆమెయే మహలఖా బాయి.

ఆమె 1768లో జన్మించెను. చిన్ననాటి పేరు చందా. వృత్తిచే నర్తకి. సంగీత నాట్యములతోపాటు గుఱ్ఱపుస్వారిని, విలువిద్యను, ఈటె విసరుటను అభ్యసించెను. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ యుద్ధయాత్రలకు వెడలినపుడు పురుషవేషమున ఆయన వెంట సాగెను. ఆయన ఆమెకు బిరుదమును, జాగీరులను ఒసగెను. అడిక్‌మెట్ వానిలో నొకటి.

ఉర్దూ గజళ్లు రచించి దీవానుగా కూర్చెను. దాని ప్రతి నొకదానిని 1799లో ఆంగ్లేయాధికారి మాల్కమ్‌కు కానుక యిచ్చెను. దీవాను సంతరించిన తొలి మహిళ యీమెయేయని చాలకాలము చెప్పుకొనిరి. లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాను 1797 నాటిదని తేలినపిమ్మట ఆ ప్రథమస్థానము చేజారినది. కవితకు మాత్రము లోటు రాలేదు. పండితులను పోషించి, గ్రంథాలయము నెలకొల్పి, దక్కను చరిత్రమును వ్రాయించి, 1824లో కన్నుమూసెను.

లోకము ఆమెను నర్తకియని తలచి అంతటితో ఊరకుండెను. కాని ఆ అడిక్‌మెట్ భూములలో కొంతభాగమున నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము నిలిచియున్నది. అచట చదువుకొను బాలికలు వేలకొలది. వారు నడచు నేల యొకనాడు ఒక స్త్రీ తన ప్రతిభచే ఆర్జించినదని వారికి తెలుపవలసినవారము ఉపాధ్యాయులమే.