మరపు లెక్క తేల్చిన మేరీ

అర్ధరాత్రి అలారం మోగింది. ఆమె ఉలిక్కిపడి లేచి, చీకట్లో తడుముకుంటూ అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించింది. పక్కనే పెట్టుకున్న కాగితం, పెన్సిలు అందుకుని గబగబా నాలుగు ముక్కలు రాసి మళ్లీ పడుకుంది. ఒకటీ రెండూ కాదు, 55 రాత్రులు ఇదే వరస! ఇంతకీ రాసిందేమిటంటారా? అప్పటిదాకా తనకి వస్తున్న కల.

కలంత తొందరగా మర్చిపోయేది ఇంకేముంది? పళ్లు తోముకునేలోపు సగం పోతుంది, కాఫీ తాగేసరికి మిగతాదీ పోతుంది. పోయేలోపే పట్టుకోవాలని ఆమె పంతం. అలా 205 కలలు పోగేసింది. ఆమెకి పాఠం చెప్పిన ప్రొఫెసర్ శాన్‌ఫర్డ్ కూడా తన కలలు 170 దాకా రాసి పెట్టాడు. అన్నీ కలిపి చూస్తే తేలిందేమిటి? కలల్లో వింతలకంటే, ఈ మధ్య చూసిన మనుషులు, తిరిగిన చోట్లే ఎక్కువ. అవీ తెల్లవారుజామున ఎక్కువ. 1893లో అచ్చయిన ఈ పరిశీలనని తర్వాత ఫ్రాయిడ్ అంతటివాడు తన కలల పుస్తకంలో ప్రస్తావించాడు.

ఆమె పేరు మేరీ వైటన్ కాల్కిన్స్. 1863 మార్చి 30న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. తండ్రి చర్చిలో మతబోధకుడు. అయిదుగురు పిల్లల్లో మేరీయే పెద్దది. స్మిత్ కాలేజీలో చదువుతుండగా 1883లో చెల్లెలు మాడ్ చనిపోయింది. మేరీ ఏడాదిపాటు కాలేజీ మానేసి ఇంట్లోనే చదువుకుంది. తిరిగి వెళ్లి 1885లో డిగ్రీ పూర్తిచేసింది. రెండేళ్ల తర్వాత బోస్టన్ దగ్గరున్న వెల్స్‌లీ మహిళా కాలేజీలో గ్రీకు భాష చెప్పే ఉద్యోగంలో చేరింది.

గ్రీకు పంతులమ్మ మనసు గురించిన శాస్త్రంలోకి ఎలా వచ్చింది? కాలేజీవాళ్లే తెచ్చారు. సైకాలజీ చెప్పడానికి మనిషి కావాలి, నువ్వు ఏడాదిపాటు చదువుకుని వస్తే ఆ పోస్టు నీదే అన్నారు. సరే, చదువుకోవడానికి చోటేదీ? దగ్గర్లో ఉన్నది హార్వర్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ ఆడపిల్లలకి ప్రవేశం లేదు!

ప్రొఫెసర్లు విలియం జేమ్స్, జొసయా రాయిస్ ఆమెని తమ క్లాసుల్లో కూర్చోనివ్వడానికి సిద్ధమే. విశ్వవిద్యాలయమే కుదరదంది. ఆమె తండ్రి అర్జీ పెట్టాడు. చివరికి 1890 అక్టోబరులో ఒప్పుకున్నారు గానీ ఓ మెలిక పెట్టారు. పాఠం వినొచ్చు, అంతే. విద్యార్థినిగా పేరు నమోదు చేయరు! జేమ్స్ క్లాసులో మొదట మరి నలుగురు మగవాళ్లున్నారు. కొద్ది వారాల్లోనే వాళ్లంతా మానేశారు. లైబ్రరీలో చలిమంటకి అటు జేమ్స్, ఇటు మేరీ కూర్చుని చదువు సాగించారు. ఆయన పెద్ద పుస్తకం అప్పుడే అచ్చయి వచ్చింది. రాసినాయన దగ్గరే ఆ పుస్తకం చదువుకునే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

జేమ్స్ ఓ మంచి మాట చెప్పేవాడు. ప్రతిదీ గుర్తుంటే, ఏదీ గుర్తులేని మనిషికన్నా మన బతుకేమీ బాగుండదని ఆయన అభిప్రాయం. అంటే మరపు రోగం కాదు, మనసు చేసుకునే ఏరివేత. బియ్యంలో రాళ్లు ఏరినట్టన్నమాట. మరి ఏది ఉంచాలో, ఏది పారేయాలో మనసు ఎలా తేల్చుకుంటుంది? మేరీని పట్టుకున్న ప్రశ్న ఇదే.

ఈ దారిలో ఆమెకంటే ముందు నడిచినవాడు జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్. ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు 2,300 దాకా తయారు చేసుకుని, తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టాడు. గంట గడిచేసరికే సగానికి పైగా జారిపోయింది. ఒక రోజుకి మూడోవంతు మిగిలింది. చిత్రంగా, ఆ తర్వాత జారడం నెమ్మదించింది. నెల గడిచినా అయిదోవంతు నిలిచే ఉంది. ఆ పుస్తకం వచ్చింది 1885లో, మేరీ డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే.

మేరీ దాన్ని ఇంకో మలుపు తిప్పింది. మనం దేన్నీ ఒంటరిగా గుర్తుపెట్టుకోం కదా! పిండివంట వాసన తగిలితే అమ్మమ్మగారి ఇల్లు, పాత పాట వినిపిస్తే కాలేజీ రోజులు... ఒకటి లాగితే ఇంకోటి వస్తుంది. ఆ జతే ఆమెకి ముఖ్యమైంది. 1891లో వెల్స్‌లీలో 200 డాలర్ల సామాగ్రితో ప్రయోగశాల పెట్టింది. అమెరికాలో ఒక మహిళ పెట్టిన మొట్టమొదటి సైకాలజీ ప్రయోగశాల అదే. తర్వాత హార్వర్డ్‌కి కొత్తగా వచ్చిన మున్‌స్టర్‌బర్గ్ దగ్గర, అదీ అతిథిగానే, తన అసలు ప్రయోగాలు మొదలుపెట్టింది.

ప్రయోగం వింటే పిల్లల ఆటలా ఉంటుంది. ఓ రంగు కాగితం కొన్ని సెకన్లు చూపిస్తుంది. వెంటనే ఒక అంకె చూపిస్తుంది. ఇంకో రంగు, ఇంకో అంకె. ఇలా పది పన్నెండు జతలు. తర్వాత వరస మార్చి రంగులు మాత్రమే చూపించి, దేనికి ఏ అంకె వచ్చిందో రాయమంటుంది. మధ్యలో కిటుకులున్నాయి. ఓ జత మూడుసార్లు వస్తుంది. ఒక అంకె తక్కినవాటిలా కాకుండా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఒక జత అన్నిటికన్నా మొదట, ఒకటి చిట్టచివర.

ఏది గెలిచిందో చూడండి. కొట్టొచ్చినట్టున్నదీ, చివర్న వచ్చిందీ బాగానే గుర్తున్నాయి. కానీ అన్నిటినీ మించి నిలిచింది పదేపదే కనిపించిన జత! మన పంతుళ్లు ఎక్కాలు వల్లె వేయించింది ఊరికే కాదన్నమాట. అయితే ఒకే రాత్రి కూర్చుని పదిసార్లు చదివినదానికంటే, రోజుల తేడాతో మళ్లీమళ్లీ చదివిందే గట్టిగా నిలుస్తుందని ఎబ్బింగ్‌హాస్ కూడా గమనించాడు. పరీక్ష ముందురోజు కాఫీలు తాగి చదివే పిల్లలకి చెప్పండి, వింటే!

1895 మే నెలలో మేరీ డాక్టరేట్ పరీక్షకి కూర్చుంది. జేమ్స్, రాయిస్, మున్‌స్టర్‌బర్గ్‌లతో సహా హార్వర్డ్ ఆచార్యులే ఆమెని ప్రశ్నించారు. అంత బాగా పరీక్ష ఇచ్చినవాళ్లని చూడలేదని జేమ్స్ మెచ్చుకున్నాడు. అందరూ కలిసి పట్టా ఇమ్మని సిఫార్సు చేశారు. విశ్వవిద్యాలయం ఇవ్వలేదు. కారణం ఒక్కటే, ఆమె ఆడది.

1902లో ఓ బేరం వచ్చింది. హార్వర్డ్ పక్కనే ఉన్న మహిళా కాలేజీ రాడ్‌క్లిఫ్ పేరుమీద డాక్టరేట్ ఇస్తామన్నారు. మేరీతోపాటు మరో ముగ్గురు మహిళలకీ ఈ అవకాశం ఇచ్చారు. అందరూ ఎగిరి గంతేసే పట్టా! ఆమె మర్యాదగా వద్దంది. తాను చదివింది హార్వర్డ్‌లో, ఇస్తే హార్వర్డే ఇవ్వాలి. నాకైతే ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే అనిపిస్తుంది.

పట్టా లేకపోయినా 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షురాలైంది. ఆ పదవి అందుకున్న మొదటి మహిళ ఆమె. 1918లో తత్వవేత్తల సంఘానికీ అధ్యక్షురాలైంది. పెళ్లి చేసుకోలేదు. న్యూటన్ ఊళ్లో అమ్మానాన్నలతోనే ఉంటూ కాలేజీకి వెళ్లొచ్చేది.

ఆమె జతల పద్ధతి మాత్రం ఆమెకంటే ఎక్కువ దూరం ప్రయాణం చేసింది. జర్మనీలో ముల్లర్, పిల్జెకర్ అనే ఇద్దరు ఇలాంటి పద్ధతితోనే 1900లో మరో సంగతి కనిపెట్టారు. ఒకటి నేర్చుకున్న వెంటనే ఇంకోటి నేర్చుకుంటే, కొత్తది పాతదాన్ని తోసేస్తుందట. ఇల్లు మారాక పాత ఫోన్ నంబరు గుర్తురానిది అందుకేనేమో! తమాషా ఏమిటంటే, చాలాకాలం పుస్తకాల్లో ఈ పద్ధతికి ముల్లర్ పేరే కనిపించింది. 1950ల్లో మెదడు ఆపరేషన్ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని ఓ యువకుణ్ని పరీక్షించినప్పుడూ వాడింది పదాల జతలే. సంబంధంలేని జతల్లో అతనికి ఒక్కటీ నిలవలేదు. మతిమరుపుతో వచ్చిన పెద్దవాళ్లకి చేసే పరీక్షల్లోనూ ఇది ఉంది. రెండేసి మాటలు చదివి వినిపిస్తారు, కాసేపాగి మొదటి మాట చెప్పి రెండోది అడుగుతారు.

1927లో హార్వర్డ్‌లో చదివి పేరు తెచ్చుకున్న థార్న్‌డైక్ లాంటి శాస్త్రవేత్తలు కొందరు ఆమెకి రావాల్సిన పట్టా ఇప్పటికైనా ఇవ్వమని విశ్వవిద్యాలయానికి విన్నవించారు. మళ్లీ లేదనే జవాబు వచ్చింది. అప్పటికి మేరీకి 64 ఏళ్లు. 1929లో వెల్స్‌లీ నుంచి రిటైరైంది. ఇక తీరిగ్గా రాసుకోవాలని, అమ్మ దగ్గర గడపాలని అనుకుంది. ఏడాది కూడా తిరగలేదు, 1930 ఫిబ్రవరిలో క్యాన్సర్‌తో కన్నుమూసింది.